పిల్లర్లు తీసి చూసే ఆవిడ

ఆఫీసులో అందరూ ఆవిడను పిల్లర్లక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఒక్క క్షణం తడబడి, ఎవరినబ్బా అన్నట్టు చుట్టూ చూస్తుంది. ఆ పేరు అలా అతుక్కుపోవడానికి కారణం ఆవిడ చేసే పని. ఆ పని వింటే మీరు నమ్మరు. పొద్దున్నే వస్తుంది, సంచి కుర్చీకి తగిలిస్తుంది, కళ్ళజోడు తుడుచుకుంటుంది, ముప్ఫై అంతస్తుల మేడనొకదాన్ని కంప్యూటర్ తెర మీద నిలబెడుతుంది. నిలబెట్టీ నిలబెట్టగానే అందులోంచి ఒక పిల్లర్ పీకేస్తుంది. పీకేసి, టీ గ్లాసు అందుకుని, పైనున్న అంతస్తుల గతి ఏమవుతుందా అని చూస్తూ కూర్చుంటుంది.

"బంగారంలాంటి మేడ, దాని మీద మీకేం కోపమండీ?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. కోపం కాదు నాయనా, ప్రేమే. సెల్లార్లో లారీ వెనక్కి వస్తూ ఒక పిల్లర్‌ను గుద్దిందనుకోండి. ఎవరి వంటింట్లోనో గ్యాసు పేలి ఒక మూల ఎగిరిపోయిందనుకోండి. ఆ ఒక్క పిల్లర్ పోతే పోయింది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ దాని బరువు పక్కవాటి మీద పడి, అవి తట్టుకోలేక విరిగి, వాటి బరువు వాటి పక్కవాటి మీద పడి, ఎక్కడో ఒక మూల జరిగిన పాపానికి మేడ మేడంతా కుప్పకూలితే? అదీ జరగకూడనిది. పోయింది ఒక్కటే పోవాలి. దాని బరువు చుట్టుపక్కలవి తలా కాస్తా పంచుకోవాలి. దిక్కులేని స్లాబు కడ్డీలు పట్టుకుని వేలాడైనా సరే ఆగాలి, లోపలివాళ్ళు పిల్లాజెల్లాతో మెట్లు దిగి బయటపడేదాకా. అందుకని ఆవిడ ఒక్కో పిల్లర్‌నూ వరసగా తీసి చూస్తుంది. మేడ ఆగితే "నిలబడింది" అని పైకే అంటుంది. పక్క బల్ల దగ్గర ప్లాన్లు గీస్తూ కూర్చునే డ్రాఫ్ట్స్‌మన్ తలెత్తకుండా "తర్వాతది" అంటాడు. రోజంతా ఆ గదిలో వినిపించే మాటలు ఈ రెండే. ఆగకపోతే మాత్రం ఆవిడ ముఖం మాడిపోతుంది, ఆ రోజు ఎవరూ ఆవిడ జోలికి వెళ్ళరు.

మొగుడు పరిచయమైందీ ఈ పని మూలంగానే. అప్పుడు ఆవిడ చదువు పూర్తయి కొత్తగా చేరిన పిల్ల, ఆయన సైటు ఇంజనీరు. ఆవిడ గీసిచ్చిన ప్లాన్ల ప్రకారం పన్నెండు అంతస్తుల మేడ కడుతున్నారు. ఒకరోజు సైటు నుంచి ఫోను.

"మేడమ్, బీమూ పిల్లరూ కలిసే చోట ఇన్ని కడ్డీలు కుక్కారు. కాంక్రీటు ఎటు నుంచి పొయ్యాలి? సెలైన్ ఎక్కించమంటారా?"

"చేతనైతే పొయ్యండి. చేతకాకపోతే చెప్పండి, నేనొచ్చి పోస్తాను."

"రండి మరి. మీకోసం తట్ట కూడా సిద్ధంగా ఉంచుతాను."

వెళ్ళింది. ఊరుకుంటుందా! చెక్క మెట్ల మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఏడో అంతస్తుకు ఎక్కింది. అక్కడాయన మాట్లాడకుండా కడ్డీల మధ్య చెయ్యి దూర్చి చూపించాడు. చూపించినంత తేలికగా చెయ్యి వెనక్కి రాలేదు. గడియారం ఇరుక్కుంది. మేస్త్రీలు నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు. ఆవిడే గడియారం విప్పి చెయ్యి విడిపించింది. "సరే, మీరన్నదీ నిజమే" అని ఒప్పుకుని, కడ్డీల అతుకులు పిల్లర్ దగ్గర కాకుండా దూరంగా జరిపి గీసిచ్చింది. కానీ ఒక్క విషయంలో మాత్రం చచ్చినా దిగిరాలేదు. పిల్లర్ మీదుగా పోయే బీము కింది కడ్డీని అక్కడ తెంపడానికి వీల్లేదంది.

"పిల్లర్ మీద కింది కడ్డీకి పనేముందండీ?" అన్నాడాయన. "కింద అంత దిట్టంగా పిల్లర్ ఉంటే?"

"పిల్లర్ ఉన్నంతకాలం పనేం లేదు. అది పోయిన రోజున ఇదొక్కటే దిక్కు."

"శుభమా అని కడుతుంటే పోవడమేమిటండీ బాబూ! మీ నోటికి దణ్ణం."

ఆ నోటినే చేసుకున్నాడు, మరుసటి ఏడాదికల్లా. చేసుకున్న తర్వాత మేడల మీద మోజు తీరిందో ఏమో, కొండల్లోంచి నీళ్ళు తెచ్చే సొరంగాల పనిలో చేరాడు. సొరంగం తవ్వేవాడి బతుకు మీకు తెలియనిదేముంది? పని ఎక్కడో, ఇల్లెక్కడో. ఒక సొరంగం మూడేళ్ళన్నారు, నాలుగయింది. అది అవగానే ఇంకో కొండ. కూతురు పాకుతున్నప్పుడు వెళ్ళినవాడు, కూతురు కాలేజీకి పోతున్నా ఇంకా కొండల్లోనే ఉన్నాడు. సెలవులకు వస్తాడు, చుట్టంలా నాలుగు రోజులుంటాడు, పోతాడు.

మరి ఇల్లు? ఇల్లు ఆవిడ చేతిలో పడింది. పడితే ఊరుకునే మనిషా! ఎవరు లేకపోతే ఆ పని ఎవరిదో, ఏది పాడైతే ఎవరిని పిలవాలో అన్నీ అమర్చి పెట్టేసింది. అత్తగారికి కళ్ళలో చుక్కలు వెయ్యడం మనవరాలి పని, మనవరాలు ఊళ్ళో లేకపోతే ఎదురింటావిడ పని. గీజరు పాడైతే ఒకతను, కుళాయి కారితే ఇంకొకతను, ఇద్దరూ కేక వేస్తే పలికేంత దూరంలోనే. అత్తగారికి పెద్ద జబ్బు చేసినప్పుడూ, పిల్ల స్కూటర్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడూ ఇంట్లో పూటకు పూట భోజనం తప్పలేదు, ఆఫీసులో పని ఆగలేదు. చూసినవాళ్ళు "అమ్మో, ఏం మనిషమ్మా" అని ముక్కున వేలేసుకున్నారు.

రోజూ సాయంత్రం ఆయన ఫోను చేసేవాడు. "ఇల్లెలా ఉంది?" అని మొదలుపెట్టేవాడు. "బాగానే ఉంది, మీరేం కంగారు పడకండి" అని ఆవిడ జవాబు. పిల్ల చెయ్యి విరిగిన సంగతి కట్టు కట్టించాక చెప్పింది. పైకప్పు కారిన సంగతి బాగు చేయించాక చెప్పింది. పడబోయిన దాన్ని నిలబెట్టి, ఆ తర్వాత 'నిలబడింది' అని చెప్పడం ఆవిడకు వృత్తిలో వచ్చిన అలవాటు. మొగుడికి కూడా అదే చెప్పింది, అదే గొప్పనుకుంది.

మనలో మన మాట, లోపల సంగతి వేరు. ఆవిడ పొద్దుటి నుంచీ ఆయనతో చెప్పాలని ఎన్నో మాటలు దాచుకునేది. డ్రాఫ్ట్స్‌మన్ ఎడమ కాలి చెప్పు ఒక రంగుదీ కుడి కాలిది ఇంకో రంగుదీ వేసుకొచ్చిన సంగతి, లిఫ్టులో ఎవరో ముసలాయన తనను చూసి "మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా" అని ఇంకెవరో అనుకుని అడిగితే, తను "బాగున్నారండీ, ఇంట్లోనే ఉన్నారు" అని అబద్ధమాడిన సంగతి. ఆ అబద్ధం ఆడుతున్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో ఆ సంగతి. సాయంత్రం ఫోను మోగేసరికి ఈ మాటలన్నీ ఏమయ్యేవో! "బాగానే ఉంది" ఒక్కటే బయటికి వచ్చేది. పక్కింటాయన ప్రతి ఉదయం "తువ్వాలెక్కడ పెట్టి చచ్చావే" అని పెళ్ళాం మీద కేకలేసేవాడు. ఆ పెళ్ళాం మొగుణ్ణి తిట్టుకుంటూ వచ్చి ఈవిడతో మొరపెట్టుకునేది. ఈవిడ తల ఊపేది కానీ, లోలోపల కుళ్ళుకునేది. తువ్వాలు కోసం తిట్టడానికైనా ఒక మనిషి ఇంట్లో ఉండాలి కదా, దానికీ రాసిపెట్టి ఉండాలి అనుకునేది. మంచం మీద ఇన్నేళ్ళయినా తన వైపే పడుకుంటుంది, రెండో వైపు దుప్పటి నలగదు. ఒక్కోసారి ఆ వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకునేది.

పోయిన సెలవులో జరిగింది చెబితే అత్తగారికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన వచ్చాడు. వచ్చిన మర్నాడే పానా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. "కుళాయి మొన్ననే బాగుచేయించానండీ" అంది పిల్లర్లక్క. "కాలేజీ దగ్గర దింపుతా రావే" అని కూతుర్ని పిలిచాడు. "నాకు స్కూటరుంది కదా నాన్నా, మీరు విశ్రాంతి తీసుకోండి" అంది కూతురు. తల్లికి చుక్కలు వేద్దామని సీసా తీశాడు. "ఇందాకే వేసింది నీ కూతురు, ఇంకోసారి వేస్తే కళ్ళు ఈదుకుంటూ పోతాయి" అంది తల్లి. కిటికీ పక్కన తను కూర్చునే చోట కూతురి చదువుకునే బల్ల వచ్చి చేరింది. జరుపుతానంది పిల్ల. "వద్దులే తల్లీ" అన్నాడు. అలా హాల్లో ఒకసారి, బాల్కనీలో ఒకసారి కూర్చుని, నడుస్తున్న మనుషులకు కాళ్ళు అడ్డం రాకుండా ముడుచుకుంటూ గడిపాడు. సెలవు ఇంకా రెండు రోజులుందనగానే, పని పడిందని వెళ్ళిపోయాడు.

ఆవిడకు ఆ రెండు రోజులూ ముల్లులా గుచ్చుకున్నాయి. ఇంట్లో ఉండబుద్ధి కానంతగా మేమేం చేశామని లోలోపల కుమిలింది. అడగలేదు. ఆయన బయలుదేరిన సాయంత్రం ఆయన విప్పిన చొక్కా ఉతకబోయి, తడిరాతి వాసన వస్తుంటే బకెట్లో వెయ్యకుండా అక్కడే కాసేపు నిలబడిపోయింది. తర్వాత ఉతికేసింది. ఉతకకుండా ఉంచుకుంటే అత్తగారు ఊరుకోదు.

ఇప్పుడేమో ఆ సొరంగం పనైపోవచ్చింది. పోయిన ఆదివారం ఫోనులో ఆయన చెప్పాడు. కంపెనీవాళ్ళు రెండు దారులు చూపించారట. ఒకటి, ఇదే ఊళ్ళో ఉన్న వాళ్ళ ఆఫీసులో కుర్చీలో కూర్చునే పని. రెండోది కొత్త సొరంగం, ఇప్పటికన్నా ఇంకా దూరం, మూడేళ్ళు.

"శనివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. నువ్వేమంటావు?"

 రండి, వచ్చెయ్యండి, ఇంక చాలు అన్న మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది.

"మీ ఇష్టం" అంది.

పక్క గదిలోంచి అత్తగారు అంతా విన్నది. ఆవిడ చెవులు పాము చెవులు. ఫోను పెట్టేసిన మరుక్షణం చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"మీ ఇష్టమంటే అర్థమేమిటే?"

"అర్థమేముంది అత్తయ్యా. ఆయన ఉద్యోగం, ఆయన ఇష్టం."

"నీకు రావాలని లేదూ?"

ఆవిడ ఫోను చార్జింగుకి పెట్టే మిషతో అటు తిరిగింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాడి అమ్మను నేను చెబుతున్నాను. నువ్వు నోరు విప్పకపోతే నీ మనసులో ఏముందో వాడికెలా తెలుస్తుంది? అంజనం వేసి చూస్తాడా?"

"అడిగి పిలిపించుకుంటే అది రావడమా? ఆయనకే అనిపించాలి."

"నీకు అభిమానం, వాడికి మొహమాటం. బాగుంది సంబడం. మీ ఇద్దరి మధ్య నేను ముసలిదాన్నయిపోయాను."

"మీరే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే నాకోసం వస్తాడు. నీకోసం రావాలంటే నువ్వే చెప్పాలి. ఈ మాత్రం తెలియకుండా ఏం చదివావమ్మా అంత చదువు!" అని ముసలావిడ కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆవిడకు తిండి సహించలేదు. సాయంత్రం ఫోను వస్తే ఇవాళ చెప్పేద్దామనుకునేది. ఆయన "ఇల్లెలా ఉంది" అనేవాడు. ఈవిడ "బాగానే ఉంది" అనేది. ఆయన "ఇంకేమిటి" అని ఒకసారి అడిగి, "సరే మరి" అని పెట్టేసేవాడు. శుక్రవారం వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు. ముప్ఫై అంతస్తుల మేడ కట్టించుకుంటున్న బిల్డరుగారు వచ్చారు. ఆఫీసు యజమాని అయిన పెద్దాయన ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. బిల్డరుగారిది భారీ విగ్రహం, మనసు కూడా పెద్దదే, చెడ్డవాడు కాదు. కాకపోతే ఏది చూసినా ఇంకొంచెం వెడల్పుగా ఉంటే బాగుండనిపించే జబ్బుంది. పిల్లర్లక్క ఇచ్చిన రిపోర్టు చేత్తో పట్టుకుని, ముఖం చాటంత చేసుకుని కూర్చున్నాడు.

"మేడమ్, మీరు రాసింది మా అబ్బాయి చేత చదివించుకుని విన్నాను. ఎంత మంచి కబురు చెప్పారండీ!"

"ఏ కబురండీ?"

"ఇదిగో, లాబీ మధ్యలో ఉన్న పిల్లర్. ఇది తీసేసినా మేడ నిలబడుతుందని మీరే రాశారుగా. మొదటి నుంచీ అది నా కంట్లో నలుసు. గుమ్మంలోంచి లోపలికి చూస్తే ఎదురుగా అదే. తీసేద్దాం! ఎలాగూ నిలబడుతుందిగా, ఇంకా దాన్నెందుకు మోయడం?"

డ్రాఫ్ట్స్‌మన్ నవ్వు రాకుండా దగ్గాడు. పెద్దాయన మెడ గోక్కుంటూ, "అంటే, అదీ, ఆలోచించాల్సిన విషయమే" అని నీళ్ళు నమిలాడు. మామూలు రోజైతే పిల్లర్లక్క కూడా నవ్వి, ఓపిగ్గా బొమ్మ గీసి చెప్పేది. ఆ రోజు మాత్రం ఆవిడకు నవ్వు రాలేదు. ముఖం ఎర్రబడింది.

"నిలబడుతుంది అన్నాను. బాగుంటుంది అన్నానా?"

"అదేమిటి మేడమ్, నిలబడితే బాగున్నట్టేగా?"

"కాదు! ఎక్కడ రాశాను నేను బాగుంటుందని? ఆ పిల్లర్ పోతే పైనున్న ప్రతి స్లాబూ జానెడు కిందికి జారుతుంది, తెలుసా? గోడలన్నీ బీటలు వారతాయి. తలుపులు వేస్తే పడవు, తీస్తే రావు. పక్క పిల్లర్లు తమ బరువూ మోస్తాయి, పోయినదాని బరువూ మోస్తాయి. ఇంక ఒక్క మనిషి అదనంగా నిలబడినా మోయలేనంతగా మోస్తాయి. బయటి నుంచి చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? కూలలేదు కదా, భేషుగ్గా ఉంది అనుకుంటారు. భేషుగ్గా లేదండీ! ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడింది. ఎవరైనా వచ్చి ఆ ఖాళీలో మళ్ళీ నిలబడతారని, అంతదాకా పడకూడదని నిలబడింది. దాన్ని పట్టుకుని, నువ్వెలాగూ నిలబడ్డావు కదా, ఇంక ఎవరూ అక్కర్లేదు అంటే..."

అక్కడ ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.  పిల్లర్ గురించి ఏడ్చే ఇంజనీరును వాళ్ళెవరూ అంతకు ముందు చూడలేదు. తను మాట్లాడుతున్నది లాబీ గురించి కాదని ఆవిడకు అప్పుడే తెలిసింది. మూడేళ్ళు, నాలుగేళ్ళు, మళ్ళీ నాలుగేళ్ళు, రోజూ సాయంత్రం ఫోనులో తను మొగుడికి పంపింది కూడా ఇదే రిపోర్టు. నిలబడింది, మీరేం కంగారు పడకండి. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? చదివి వినిపించినదాన్నే ఆయనా నమ్మాడు.

బిల్డరుగారు కంగారుగా లేచాడు. "అయ్యయ్యో, ఉంచండి మేడమ్, ఉంచండి! పిల్లర్ అక్కడే ఉంటుంది. దానికి నాలుగు పక్కలా అద్దాలు పెట్టించుకుంటాను. మీరు మంచినీళ్ళు తాగండి."

ఆవిడ మంచినీళ్ళు తాగలేదు. ఫోను తీసుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. సొరంగంలోపల సెల్‌ఫోను పలకదు. సొరంగం మొదట్లో ఒక రేకుల గది, అందులో తీగ ఫోను ఒకటి ఉంది. ఆ నంబరు ఆయనే ఇచ్చాడు, ప్రాణం మీదికొస్తే తప్ప చెయ్యొద్దని చెప్పి మరీ ఇచ్చాడు. ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యలేదు. చెయ్యి విరిగినప్పుడూ చెయ్యలేదు, పైకప్పు కారినప్పుడూ చెయ్యలేదు. మెట్ల మలుపులో గోడకు ఆనుకుని ఆవిడ ఆ నంబరు నొక్కింది.

ఎవరో ఎత్తారు. ఫలానా ఇంజనీరుగారు కావాలంది.

"ఇంటి నుంచా అమ్మా? ఎవరికైనా బాగాలేదా?"

"అవును, బాగాలేదు."

 "సార్‌కి ఇంటి నుంచి ఫోను!" అని అవతల ఒక గొంతు కేకేసింది. ఆ కేకను లోపల ఇంకో గొంతు అందుకుంది, దాన్ని ఇంకా లోపల మరో గొంతు అందుకుంది. అలా అలా కొండ కడుపులోకి ఆ కబురు పోవడం ఆవిడకు ఫోనులో వినిపించింది. చాలాసేపటికి బూట్ల చప్పుడు, పరుగు, రొప్పు.

"ఏమైంది? అమ్మకేమైంది?"

"అత్తయ్యకేం కాలేదు. నిక్షేపంలా ఉన్నారు."

"పాపకా?"

"దానికీ ఏం కాలేదు."

"మరి? ఇంట్లో ఏమన్నా..."

"ఇల్లు బాగానే ఉంది. ఇల్లెప్పుడూ బాగానే ఉంటుంది. నేనే బాగాలేను."

"ఏమయిందే? డాక్టర్‌కి చూపించుకున్నావా?"

"డాక్టరు ఏం చేస్తాడండీ? నాకు మీరు కావాలి."

అవతల రొప్పు ఆగిపోయింది.  ఆఖరికి గొంతు బాగా తగ్గించి, "ఇక్కడ నలుగురైదుగురు ఉన్నారే" అన్నాడు.

"ఉండనివ్వండి. విననివ్వండి. నేను మెట్ల మీద ఉన్నాను, ఇక్కడా వింటున్నారు. మీ ఇష్టం అన్నానే మొన్న, అది పచ్చి అబద్ధం. నా ఇష్టం ఇప్పుడు చెబుతున్నాను. ఆ కొత్త సొరంగం వద్దు. ఇంటికి వచ్చెయ్యండి. కుళాయి బాగుచెయ్యడానికి కాదు, దేనికీ కాదు. ఊరికే రండి. ఊరికే ఉండండి. తువ్వాలు కోసం నన్ను తిట్టండి."

"తువ్వాలేమిటి?"

"అది తర్వాత చెబుతాను. రేపు శనివారం. రానని చెప్పెయ్యండి వాళ్ళకు."

 అవతల ఆయన ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నట్టుంది.

"సంతకం పెట్టేశానే" అన్నాడాయన.

"ఎప్పుడు?"

"పోయిన సెలవుకు ఇంటికొచ్చి తిరిగెళ్ళిన వారమే."

"మరి శనివారం గడువన్నారు?"

"గడువూ లేదు, గిడువూ లేదు. నువ్వు వద్దంటావేమోనని ఆశపడి ఊరికే అన్నాను."

 ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది. అవతల ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, నలుగురున్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"బయల్దేరే రోజున గుమ్మంలో బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి ఎంతసేపు చేశానో చూశావా? కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టాను. ఇంకో రెండు రోజులు ఉండమంటావేమోనని. నువ్వు నా సంచి చేత్తో పట్టుకుని, బండి వెళ్ళిపోతుంది తెమలండి అన్నావు."

"ఇంకొక్క నిమిషం ఉంటే ఏడ్చేస్తానని అన్నానండీ."

"నాకేం తెలుసు? నేను లేకపోయినా అన్నీ చక్కగా సాగుతున్నాయి, నేనుంటేనే అడ్డం అనుకున్నాను."

"మానుకోవడానికి లేదా ఇప్పుడు?"

"మాటిచ్చానే. నన్ను నమ్ముకుని మనుషులు సామాను సర్దుకుని కదిలారు. ఏడాదికి ముందు వదిలిపెట్టి రావడానికి లేదు. మూడేళ్ళు మాత్రం ఉండను. ఏడాది కాగానే వచ్చేస్తాను."

"ఏడాదా?"

"ఏడాది."

ఆవిడకు దుఃఖం ఆగలేదు. మెట్లెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు పక్కకు తప్పుకుని పోతున్నారు. ఆవిడ ఎవరినీ పట్టించుకోలేదు, ముక్కు చీదుకుంది.

"ఏడుస్తున్నావా?"

"ఆ."

"నాకోసమేనా?"

"కాదు, సిమెంటు కోసం."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఎటో పోయింది. ఆయనా ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. వెనక ఎవరో "మీరు మాట్లాడండి సార్, మేం లోపల చూసుకుంటాం" అన్నారు. తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"నువ్వెలా ఉన్నావు?" అన్నాడాయన. ఇన్నేళ్ళలో ఇల్లెలా ఉంది అన్నాడే కానీ, ఈ మాట అడగడం ఇదే మొదలు.

బాగానే ఉన్నాను అని ఆవిడ పెదవుల దాకా వచ్చింది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా! దాన్ని గుటక వేసి మింగేసింది.

"మీకు కూర్చోవడానికేమన్నా ఉందా అక్కడ?"

"బల్ల ఉంది."

"అయితే కూర్చోండి. చెబుతాను, చాలాసేపు పడుతుంది."